సైప్రస్ వాళ్లను పలకరించడం ఎలా? ఓడెక్కబోయే మన కుర్రాళ్లకు

విశాఖలోని మల్కాపురం, గాజువాక కుర్రాళ్లు ఓడ ఉద్యోగంలో చేరేముందు నా దగ్గరకు వచ్చి జీతం, సెలవులు, తిండి గురించి అడుగుతారు. నేను ఇంకొకటి కూడా చెప్పి పంపుతాను. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో ఉన్న లిమసోల్ నగరం నుంచి ఓడలు నడిపే కంపెనీలు చాలా ఉన్నాయి కాబట్టి, ఆ ద్వీపం మనుషులు మీకు తప్పక తగులుతారు.

వాళ్లను చూడగానే ‘మీరు గ్రీకులా, టర్కులా?’ అని అడగకండి. 1960లో స్వాతంత్ర్యంతో పాటు వచ్చిన రాజ్యాంగం ఆ ప్రశ్నే వేసి, ప్రతి పౌరుణ్నీ ఏదో ఒక పక్కన నిలబెట్టింది. మారోనైట్లు, ఆర్మేనియన్ల వంటి చిన్న సముదాయాలకూ తప్పలేదు. గ్రీకు వైపు చేరారు. ద్వీపం ఉత్తర భాగంలో ఉండే టర్కిష్ సైప్రియట్లను ‘టర్కీ నుంచి వచ్చారా?’ అనడం మరీ తప్పు. వాళ్లలో చాలామందికి ఆ ద్వీపమే పుట్టిన గడ్డ.

మనం ఇక్కడ ఎవరినైనా అడిగినట్టే ‘మీది ఏ ఊరండీ?’ అనండి చాలు. 1974 జూలైలో గ్రీసు సైనిక పాలకుల అండతో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది, ఐదు రోజులకే టర్కీ సేనలు దిగాయి. గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి ఇళ్లు వదిలి పోయారు. అందుకే లిమసోల్‌లో పుట్టి పెరిగినవాడు కూడా తనది ఉత్తరాన ఉన్న కిరీనియా అనవచ్చు. సరిదిద్దకండి. ‘చూసి వచ్చారా?’ అని మాత్రం మెల్లగా అడగవచ్చు. ద్వీపాన్ని రెండుగా చీల్చిన గీతను దాటే దారులు 2003 ఏప్రిల్‌లో తెరిచాక చాలామంది వెళ్లి చూసుకున్నారు. సొంత ఇంటికి పోవడానికి పాస్‌పోర్టు చూపడమేమిటని అడుగు పెట్టనివాళ్లూ ఉన్నారు. వెళ్లినవాళ్లదీ, వెళ్లనివాళ్లదీ న్యాయమే అంటాను నేను.

‘మా రాష్ట్రమూ 2014లో విడిపోయింది లెండి’ అని మాత్రం ఓదార్చకండి. మనం ఇప్పటికీ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో దిగుతున్నాం. సైప్రస్‌లో మాత్రం తప్పిపోయినవారి జాబితాలో రెండు వైపులా కలిపి 2,002 పేర్లు చేరాయి. ఎముకలు తవ్వి తీసి ఎవరివో తేల్చే పని ఇంకా నడుస్తోంది.

2004 ప్రజాభిప్రాయ సేకరణ జోలికి పోవద్దు. ఏకీకరణ ప్రణాళికకు టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం అవునన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం కాదన్నారు. భోజనాల బల్ల దగ్గర తేలే లెక్క కాదది.

జెండా సంగతి ఓడే నేర్పుతుంది. మీ ఓడ వెనుక ద్వీపం పటం, రెండు ఆలివ్ కొమ్మలు ఉన్న సైప్రస్ జెండా ఎగురుతుంటే టర్కీ రేవుల్లోకి రానివ్వరు. ఉత్తరాన ఫమగుస్తా రేవును సైప్రస్ ప్రభుత్వం 1974లోనే మూసినట్టు ప్రకటించింది. 1983లో అక్కడ ప్రకటించుకున్న రాజ్యాన్ని టర్కీ ఒక్కటే గుర్తించింది.

మీరు ఎవరి పక్షమని ఎవరైనా నిలదీస్తే మన భారత సైన్యాధిపతిగా పనిచేసిన జనరల్ తిమ్మయ్య పేరు చెప్పండి. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి సేనకు అధిపతిగా ఉంటూ 1965లో అక్కడే కన్నుమూశారు. ఆ పేరు గుర్తున్న పెద్దవాళ్లు దొరికితే సంభాషణ దానంతట అదే సాగుతుంది.

రాజధాని నికోసియా వెళితే, ఆ విభజన గీత అడ్డంగా పోయే లెడ్రా వీధి చూడండి. జగదాంబ సెంటర్ నుంచి పూర్ణా మార్కెట్‌కు నడుస్తుంటే దారి మధ్యలో పాస్‌పోర్టు అడిగినట్టు ఉంటుంది. సైనికుల కాపలా చోట్ల ఫోటోలు తీయకండి. మీ వీసాతో దాటవచ్చో లేదో ఓడ ఏజెంటును అడగనిదే ఆ గీత దాటకండి.