లింకిన్ పార్క్ కొత్త ఆల్బమ్ ఎక్కట్లేదా? ఇలా విని చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఈ అమెరికా రాక్ బ్యాండ్ విషయంలో నేను పాత బ్యాచ్. విజయనగరం గంటస్తంభం దగ్గర మొబైల్ షాపులో ఇరవై రూపాయలిచ్చి మెమరీ కార్డులో వాళ్ల పాత ఆల్బమ్‌లు హైబ్రిడ్ థియరీ, మీటియోరా ఎక్కించుకుని, ఒక చెవిలోనే పనిచేసే ఇయర్‌ఫోన్స్‌తో డిగ్రీ మూడేళ్లూ లాగించినోణ్ణి. బ్యాండ్ మెయిన్ సింగర్ చెస్టర్ 2017లో చనిపోయాడు, 2024 నవంబర్లో కొత్త సింగర్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఈ ఆల్బమ్ ఫ్రమ్ జీరో వచ్చింది, వినగానే "ఏటిది, ఇప్పుడు అవసరమా" అనేశా. ఇప్పుడు ముప్పావు వంతు ఒప్పుకున్నా, పావు వంతు ఇంకా గింజుకుంటోంది.

రీల్స్‌లో వచ్చిన ముక్క విని తీర్పు చెప్పేయకండి. మొత్తం 11 ట్రాకులు, 32 నిమిషాలే, షఫుల్ ఆపి వరసగా వినండి. నేను విశాఖ పాసింజర్లో కిటికీ పక్కన సీటు దొరికాక మొదలెట్టా, కోరుకొండ, అలమండ, ఇంకా కొత్తవలస రాకుండానే అయిపోయింది.

అసలు కష్టం చెస్టర్‌ని వెతుక్కోకుండా వినడం. మొదట రిలీజ్ చేసిన పాటలో బ్యాండ్‌లో ర్యాప్ చేసే మైక్ షినోడా ఎత్తుకుంటాడు, ఎమిలీ రెండో చరణంలో గానీ రాదు. నేను ఆవిడ వచ్చే చోటికి మళ్లీమళ్లీ వెనక్కి తిప్పి, ఇక్కడ ఆయనైతే ఎలా అరిచేవాడో అని ఊహించుకుంటూ మొదటి వారం పాడుచేసుకున్నా. మీరు మొదటిసారి మైక్‌నీ గిటార్‌నీ పట్టుకుని వెళ్లండి, ఆవిడ గొంతు సంగతి రెండోసారి చూసుకోవచ్చు. డ్రమ్స్ కూడా వినండి, పాత డ్రమ్మర్ రాబ్ బోర్డన్ లేడు, కాలిన్ బ్రిటన్ వచ్చాడు, దీని గురించి ఎవరూ గొడవ చెయ్యరు గానీ నాకైతే ఆ లోటు కూడా తెలుస్తోంది.

మర్నాడు వాళ్ల 2007 ఆల్బమ్ మినిట్స్ టు మిడ్‌నైట్, 2010 ఆల్బమ్ ఎ థౌజండ్ సన్స్ తీయండి. ర్యాప్ తగ్గించేశారు, గిటార్ ఏదిరా అని అప్పుడూ తిట్టాం కదా, ఇప్పుడు వాటినే క్లాసిక్ అంటున్నాం, నేనూ అదే బాపతు. నిజం చెప్పాలంటే ఫ్రమ్ జీరో సౌండ్ వాటికన్నా మీటియోరాకే దగ్గర. సౌండ్ మారిందని గోల పెడుతున్నాం గానీ మనకి తగ్గింది సౌండ్ కాదు, మనిషి. ఇది తట్టాక నాకు ఆల్బమ్ మీద కోపం సగం దిగింది.

కొత్తది అయిపోగానే పాతది మాత్రం పెట్టకండి, ఒక రోజు ఆగండి, లేకపోతే రెండూ చేదైపోతాయి. అప్పటికీ రెండు మూడు పాటలు ఎక్కకపోతే స్కిప్ కొట్టేయండి, నేనూ కొడతా.

మా మేనల్లుడు టెన్త్, వాడు ఫ్రమ్ జీరోతోనే మొదలెట్టాడు. మొన్న మీటియోరా వినిపిస్తే సగంలో ఇయర్‌ఫోన్ తీసి "మావయ్యా, ఇందులో ఆవిడ ఎప్పుడొస్తాది?" అన్నాడు.