వెబ్‌సైట్‌లో తేదీ ఒకరోజు వెనక్కి జరగకుండా ఎలా చూసుకోవాలి?

హైదరాబాద్‌లో తెరిస్తే పాప పుట్టినరోజు ఆగస్టు 15. అదే పేజీని డాలస్‌లో ఉన్న పిన్ని తెరిస్తే ఆగస్టు 14! జావాస్క్రిప్ట్ డేట్‌కి "2025-08-15" అని తేదీ ఒక్కటే ఇస్తే, అది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) అర్ధరాత్రి అనుకుంటుంది. అప్పుడు మనకు ఉదయం 5:30, కాబట్టి తేదీ మారదు. డాలస్‌లో మాత్రం ముందురోజు సాయంత్రం 7. అందుకే మన ఆఫీసులో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ బగ్ దొరకదు.

1. కోడ్ మొదలుపెట్టకముందే తేల్చుకోండి: మీ దగ్గరున్నది ఒక క్షణమా, ఉత్త తేదీయా? డబ్బు కట్టిన సమయం క్షణం. పుట్టినరోజు, పండగ ఉత్త తేదీలు. నా అనుభవంలో సగం తిప్పలు ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

2. ఉత్త తేదీని డేటాబేస్‌లో డేట్ రకం కాలమ్‌లోనే ఉంచండి. దానికి గంటలు, టైమ్‌జోన్ తగిలించకండి.

3. జరిగిపోయిన క్షణాన్ని యూటీసీలో దాచండి. 1970 జనవరి 1 నుంచి సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ సెకన్లు లెక్కపెడుతుంది, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు. పీహెచ్‌పీ ఇచ్చిన అంకెను జావాస్క్రిప్ట్‌కి పంపేటప్పుడు వెయ్యితో గుణించడం మరిచిపోతే 2025 నాటి ఆర్డర్ 1970 జనవరిలో తేలుతుంది.

4. జరగబోయే కార్యక్రమానికి యూటీసీ ఒక్కటే చాలదు. డాలస్‌లో సాయంత్రం 7కి సంక్రాంతి సంబరాలుంటే, ఆ స్థానిక సమయంతో పాటు "అమెరికా/షికాగో" అన్న జోన్ పేరు కూడా దాచండి. మనకూ వాళ్లకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుతుంది. కోడ్‌లో ఆ తేడాను అంకెగా రాసిపెడితే ఏడాదిలో కొన్ని నెలలు తప్పు చూపిస్తూనే ఉంటుంది.

5. చూపించేటప్పుడే స్థానిక సమయంలోకి మార్చండి. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంట్ల్ డేట్‌టైమ్ ఫార్మాట్‌కి తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇస్తే నెలల పేర్లు తెలుగులోనే వస్తాయి. మీరు పట్టిక రాసుకోనక్కర్లేదు.

ఇంకొకటి, ఇది మన దేశంలో కూడా కరుస్తుంది. ఈరోజు తేదీ కోసం చాలామంది జావాస్క్రిప్ట్ తేదీని అక్షరాలుగా మార్చే టు ఐఎస్ఓ స్ట్రింగ్‌లో మొదటి పది అక్షరాలు కత్తిరిస్తారు. అది యూటీసీ తేదీ. ఉదయం 5:30 దాటేదాకా మనకు నిన్నటి తేదీయే వస్తుంది. తెల్లవారుజామున పాల ఆర్డర్లు తీసుకునే యాప్‌కి ఇదెంత నష్టమో ఊహించండి.

చివరగా, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ ప్యానెల్ తెరిచి, ఊరిని శాన్‌ఫ్రాన్సిస్కోకి మార్చి, ప్రతి పేజీనీ మళ్లీ చూడండి.