గుర్రపుడెక్క పీతల ప్రాజెక్టు: పిల్లల్ని తీరానికి తీసుకెళ్లే ముందు

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. 14తో తూర్పు తీరంలో 61 రోజుల చేపల వేట నిషేధం ముగుస్తుంది. 20న అంతర్జాతీయ గుర్రపుడెక్క పీతల దినోత్సవం. గుర్రపు డెక్క ఆకారపు డొల్ల, పొడవాటి తోక ఉండే సముద్ర జీవులివి. ఇవన్నీ దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి విశాఖలో సైన్సు టీచర్లకు గ్రూపు ప్రాజెక్టు ఇవ్వడానికి ఇదే అదను అనిపిస్తుంది. మంచి ఆలోచనే. అయితే సముద్రం పోటెత్తి ఉండేదీ, ఫిషింగ్ హార్బర్ కిటకిటలాడేదీ ఆ రోజుల్లోనే. అందుకే తీరానికి బయల్దేరక ముందే తరగతి గదిలో కొన్ని తేల్చుకోవాలి.

మొదట ప్రశ్న. ‘మన తీరంలో ఈ పీతలు ఎన్ని ఉన్నాయి?’ అని ఇస్తే పిల్లలు వాటిని వెతుక్కుంటూ నీళ్లలోకి దిగుతారు. పైగా అది ఎనిమిదో తరగతి జట్టు తేల్చగల ప్రశ్న కాదు. మన దేశంలో ఈ పీతలు రెండు జాతులు; ఎక్కువగా కనిపించేది ఒడిశా, బెంగాల్ తీరాల్లో. ఆర్కే బీచ్‌లో ఒక్కటీ కనపడకపోవడానికే అవకాశం ఎక్కువ. ‘ఈ అర కిలోమీటరు ఇసుక మీదికి ఏమేం కొట్టుకొచ్చాయి?’, ‘వలలో చిక్కితే జాలర్లు ఏం చేస్తారు?’ వంటివి ఇవ్వండి. ఒడ్డున నిలబడే జవాబు రాసుకోవచ్చు.

సముద్రం విషయంలో ఒకటే నియమం: తడి ఇసుక దాటి ఎవరూ వెళ్లకూడదు. రుషికొండ, యారాడ, ఆర్కే బీచ్‌లలో మోకాళ్ల లోతులో నిలబడ్డవాళ్లను కూడా అల లాగేసిన సందర్భాలున్నాయి. ముందురోజు రాత్రి ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల అలల హెచ్చరిక చూడండి. అది ఉంటే ప్రయాణం మానుకోండి. ఆటు వేళ చూసుకుని, ఎండ ముదరక ముందే తెల్లవారి వెళ్లి రావాలి. ఉరుము వినపడితే వెంటనే వెనక్కి. పిల్లలు వంగి ఇసుకలో వెతుకుతుంటే సముద్రం వైపు చూస్తూ ఉండడమే పనిగా ఒక పెద్ద మనిషిని పెట్టండి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

పీత బతికి కనిపిస్తే? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షణ ఉన్న జీవి. బకెట్‌లో వేసి ల్యాబ్‌కు తీసుకురావడం కుదరదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. దాని తోక ముల్లు కాదు, కుట్టదు. వెల్లకిలా పడితే తిరగబడడానికి ఆ తోకే ఆధారం. అందుకే తోక పట్టి ఎత్తకూడదు. టీచరే డొల్లకు రెండు పక్కలా పట్టుకుని బోర్లా తిప్పి, తడి ఇసుక మీద సముద్రం వైపు ముఖం పెట్టి వదలాలి. పక్కన స్కేలు పెట్టి ఒక ఫొటో చాలు. ఆ ఫొటో ఎక్కడ తీశారో బయట పెట్టకండి. ఖాళీ డొల్ల దొరికినా అక్కడే ఉంచండి. ముందు అంచు వెంట చీలి ఉంటే అది పెరిగే క్రమంలో విడిచిన కుబుసం కావచ్చు; పిల్లలు గీసుకోదగ్గ బొమ్మ అది. ఇంకోటి: మన రెండు జాతుల్లో మడ అడవుల్లో ఉండేదాన్ని తిని విషమెక్కి చనిపోయినవాళ్లు థాయ్‌లాండ్‌లో ఉన్నారు. వండి చూద్దామనే సరదా మాటను కూడా మొగ్గలోనే తుంచాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది జాలర్లతో మాట్లాడేటప్పుడు. ‘మీరు ఈ పీతల్ని పడతారా?’ అని యూనిఫాం వేసుకున్న పిల్లాడు అడిగితే అది ప్రశ్నలా కాదు, నేరం మోపినట్టు వినిపిస్తుంది. ఎవరైనా ‘లేదు’ అనే అంటారు, ఆ ‘లేదు’ మీ పట్టికలోకి ఎక్కుతుంది. నిజానికి ఇది వలకు చిక్కితే వాళ్లకే నష్టం. విడదీయబోతే వల తెగుతుంది, పొద్దు పోతుంది. ఫొటో చూపించి, ‘బాబాయ్, ఇది చిక్కితే ఎలా విడదీస్తారు?’ అని అడగమనండి. ఆ మాట మీద సంభాషణ దానంతట అదే సాగుతుంది. జాలరిపేటలో వలలు బాగుచేసుకునే మధ్యాహ్నం వెళ్లడం మేలు. హార్బర్‌లో వేలం జరుగుతున్నప్పుడు అడ్డం పడకూడదు. అక్కడ నేల జారుడు, పిల్లల చెప్పులు చూసుకోండి. పేర్లు, బోటు నంబర్లు రాయొద్దు. అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయొద్దు. చేపలమ్మే అక్కల్ని, పిన్నుల్ని కూడా అడగాలి. వలలో ఏమొచ్చిందో ఏరి విడదీసే పనిలో వాళ్ల చేతులూ ఉంటాయి, కానీ జట్లు వాళ్లను మరిచిపోతుంటాయి.

ఇక నెట్‌లో దొరికే సమాచారం. అందులో చాలా భాగం అమెరికా డెలావేర్ తీరంలోని జాతి గురించి. మే, జూన్ పున్నమి రాత్రుల్లో వేలకొద్దీ ఒడ్డెక్కేవి అక్కడి పీతలు. ఆ జాతి మన సముద్రంలో లేనే లేదు. ప్రతి వాక్యం పక్కన ‘ఏ జాతి? ఏ తీరం?’ అని రాయించండి. రాగి ఉండడం వల్ల రక్తం నీలంగా ఉంటుందని, ఆ రక్తంతో ఇంజెక్షన్లలో బాక్టీరియా విషాన్ని పరీక్షిస్తారని పిల్లలు తప్పక రాస్తారు. రాయనివ్వండి. దానికి బదులుగా కృత్రిమంగా తయారుచేసిన పదార్థం వాడకంలోకి వచ్చిందన్న సంగతీ పక్కనే ఉండాలి. లీటరు రక్తం ఇన్ని లక్షలు అనే అంకె మాత్రం చార్టు మీదికి రాకుండా చూడండి. పీతను కాపాడమని అతికించిన చార్టు దాని ధర చూపించి ఎవరికో ఆశ పుట్టించకూడదు.

చివరగా పట్టిక. ఏమీ దొరకలేదని బెంగపడి, మార్కులు పోతాయని భయపడి పిల్లలు ఒకటో రెండో కల్పించి రాస్తారు. ఇది అడ్డుకోవాలంటే మార్కులు ఎలా వేస్తారో మొదటి రోజే చెప్పాలి: ఎన్ని పీతలు కనిపించాయన్న దానికి కాదు, ఎంత నికరంగా చూశారన్న దానికి మార్కులు. వెళ్లి వెతికితే కనపడని రోజుకు సున్నా, అసలు వెళ్లని రోజుకు గీత. ఈ రెండూ కలిసిపోతే పట్టిక పనికిరాదు. తేదీ, ఆటు వేళ, నడిచిన దూరం, చూసిన కళ్లు ఎన్ని అన్నవి రాసి ఉంటే వచ్చే ఏడాది జట్టు అదే అర కిలోమీటరులో అదే పట్టికను కొనసాగించవచ్చు.