జపాన్ సినిమాల్లో ముందు తంతు చూడండి

జపాన్ పాత సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా నాది ఒకటే జవాబు: మసాకి కొబయాషి తీసిన 'హరాకిరి', 1962. ఇది నిదానంగా చూస్తే, తర్వాత చూసే యాకుజా (జపాన్ గ్యాంగ్‌స్టర్ ముఠాలు) సినిమాలు, జైలు సినిమాలు వాటంతటవే అర్థమవుతాయి.

కథాకాలం 1630. యుద్ధాలు లేవు, కొన్ని ప్రభువంశాలు రద్దయ్యాయి, సమురాయ్‌లు పని లేక రోడ్డున పడ్డారు. హిరోషిమా వైపు నుంచి వచ్చిన ఒకడు ఎడోలో (ఇప్పటి టోక్యో) ఒక పెద్ద వంశం గడప తొక్కి, 'మీ ముంగిట్లో కడుపు కోసుకుంటాను, అనుమతివ్వండి' అంటాడు. పరువు కోసం అలా చావడమే హరాకిరి, ఈ సినిమాలో తంతు అదే. కత్తి ఎప్పుడు దూస్తాడా అని ఎదురుచూడకండి, చాలాసేపు పడుతుంది. ఈలోగా ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి. వంశం పెద్ద పైన వరండాలో, ఇతను కింద ముంగిట్లో. ఆ దూరంలోనే టెన్షన్ అంతా ఉంది. ఇతని పాత్ర వేసిన తత్సుయా నకదాయ్‌కి అప్పటికి ముప్పై నిండలేదు, కానీ మనవణ్ణి ఎత్తుకున్న తాతగా ఎక్కడా అనుమానం రానివ్వడు. మొదట్లోనే పూర్వీకుల కవచం ఒకటి కనిపిస్తుంది, దాన్ని మాత్రం మర్చిపోవద్దు.

నా పద్ధతి ఇదే. ప్రతి సినిమాలో పెద్దలు జరిపించే తంతు ఏదో పట్టుకోవాలి, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చూడాలి.

తర్వాత నేరుగా దర్శకుడు కింజి ఫుకసాకు దగ్గరికి రండి. 'బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ', 1973. అణుబాంబు పొగతో మొదలై 1946 నాటి కురే బ్లాక్ మార్కెట్‌లో పడేస్తుంది. కురే కూడా హిరోషిమా పక్కనే. కెమెరా కుదురుగా ఉండదు, మనుషులు పిట్టల్లా రాలిపోతుంటారు, చనిపోయినవాడి పేరు తెర మీద పడుతుంది. అన్ని పేర్లూ గుర్తుపెట్టుకోవాలని చూస్తే తల తిరుగుతుంది. ఇద్దర్ని పట్టుకుంటే చాలు: బుంతా సుగవారా వేసిన హిరోనో, అతని బాస్ యమమోరి. ఇక్కడి తంతు సాకే (బియ్యపు మద్యం) గిన్నెతో చేసే ప్రమాణం. ప్రమాణం చేయించుకున్న బాస్ అవసరమైనప్పుడల్లా ఏడుస్తాడు, డబ్బు మాత్రం తీయడు. హిరోనో క్షమాపణగా వేలు నరుక్కునే సీన్ చూడండి. తెగిన వేలు ఎగిరి పెరట్లో పడుతుంది, అందరూ వంగి వెతుకుతారు, చివరికి అది కోళ్ల దగ్గర దొరుకుతుంది. యాకుజా పరువు గురించి ఇంతకంటే గట్టిగా చెప్పిన సీన్ నేను చూడలేదు. వరసగా ఐదు భాగాలున్నాయి, 1973, 74ల్లోనే వచ్చాయి. మొదటిది నచ్చితే ఆగకుండా చూసేయండి.

ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలు, అంటే హింస, శృంగారం చూపించి జనాన్ని రప్పించేవి, ఆఖర్న పెట్టుకోండి. టీవీ దెబ్బకు థియేటర్లు ఖాళీ అయిన కాలం అది. 1971లో దాయెయ్ స్టూడియో దివాలా తీసింది, నిక్కత్సు అనే మరో స్టూడియో శృంగార చిత్రాలకు మళ్లింది. టీవీలో చూపించలేనివి చూపించడమే అప్పటి వ్యాపారం. అందుకని ముందే చెప్తున్నాను, 'ఫిమేల్ ప్రిజనర్ 701: స్కార్పియన్'లో (1972) ఆడవాళ్ల మీద హింస చాలా ఉంది. తట్టుకోలేమనిపిస్తే మొహమాటపడకుండా ఆపేయండి. చూడగలిగితే మాత్రం మెయికో కాజి కళ్లు చూడండి. ఆమెకు డైలాగులు బాగా తక్కువ. ఇందులో తంతు జైలు అధికారులకు జరిగే సన్మానం, అది సగంలో ఉండగానే ఆమె పారిపోతుంది. కాజి ఈ పాత్రలో నాలుగు సినిమాలు చేసింది. షున్యా ఇతో తీసిన మొదటి మూడూ చూస్తే సరిపోతుంది.