బాత్రూం పని ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తకు రాత్రిపూట పెరట్లోని మరుగుదొడ్డిదాకా నడవడం కష్టమైపోయింది. కడపలో మాది పాత ఇల్లు, నల్ల బండల నేల. ఆమె పడుకునే గది పక్కనే సామాన్లు వేసుకునే చిన్న గది ఉంటే, అందులో వెస్ట్రన్ కమోడ్ పెట్టించాం. నెల తిరక్కుండానే దాని పైపు పూడుకుపోయింది. మళ్లీ అంతా తవ్వి వేయించుకున్నాం. మీకు ఆ రెండో తవ్వకం రాకూడదని ఇది రాస్తున్నా.

అందరం ముందు కమోడ్, టైల్స్ చూస్తాం. నేనూ అంతే. ముందు చూడాల్సింది సెప్టిక్ ట్యాంకు. మూత తీయించి కాసేపు గాలి ఆడనివ్వండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయనివ్వకండి. లోపలికి వచ్చే పైపు అడుగుభాగం, మీ గది నేలకంటే ఎంత కిందుందో కొలిపించండి. మేస్త్రి దగ్గరుండే సన్నటి లెవెల్ ట్యూబులో నీళ్లు పోసి, ఒక కొస గదిలో, ఇంకో కొస ట్యాంకు దగ్గర పట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మాకు 14 అంగుళాలు వచ్చింది. గది నుంచి ట్యాంకుకు 26 అడుగులు. 4 అంగుళాల పైపుకు అడుగుకు పావు అంగుళం వాటం ఉండాలి. అంటే 26 అడుగులకు ఆరున్నర అంగుళాలు వాటానికే పోతాయి. మిగిలింది ఏడున్నర, అందులో నాలుగు పైపుదే. ఇక నేలకూ పైపుకూ మధ్య ఉన్నది మూడున్నర అంగుళాలే.

ఈ లెక్క మొదటిసారి ఎవరూ వేయలేదు. మా పెరట్లో కాస్త తవ్వితే చాలు, రాయి తగులుతుంది. గడ్డపార దిగలేదని ఆ ప్లంబరు 20 అడుగులు పైపును దాదాపు చదునుగా తెచ్చి, ట్యాంకు దగ్గర ఒక్కసారిగా కిందికి దించాడు. నీళ్లు పోయాయి, మలం పైపులోనే నిలిచిపోయింది. రెండోసారి వచ్చిన మేస్త్రి పెద్దాయన. రెండు రోజులు రాయి కొట్టించాడు. మూడడుగులకొకసారి పైపు మీద రసమట్టం పెట్టి "చూడమ్మా, బుడగ పక్కకు జరిగిందా లేదా" అని నాకే చూపించాడు. ఆ పని జరిగేటప్పుడు మీరు కూడా పక్కనే నిలబడండి.

కమోడ్ కొనేముందే ఎస్ ట్రాపా, పీ ట్రాపా అన్నది తేల్చుకోండి. ట్రాప్ అంటే కంపు పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు. ఎస్ ట్రాప్ నేలలోకి దిగుతుంది. మాకున్న మూడున్నర అంగుళాల్లో అది పట్టాలంటే గది నేలను మెట్టంత ఎత్తు లేపాలి. మోకాలు బాగలేని మనిషికి గడప దగ్గర మెట్టు పెడితే ఇక బాత్రూం ఎందుకు? అందుకే గోడలోంచి వెనక్కి పోయే పీ ట్రాప్ తీసుకున్నాం. పైపు గోడ బయటికి వచ్చి అక్కడ కిందికి దిగుతుంది. కమోడ్ కోసం ఒక్క బండా లేపలేదు.

మురుగుకూ వాన నీళ్లకూ వాడే పీవీసీ పైపును ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు, అందులో టైప్ బి అడగండి. టైప్ ఎ వాన నీళ్లకు, గాలి పైపుకు మాత్రమే. మలుపు దగ్గర ఒకే 90 డిగ్రీల బెండు వద్దు, రెండు 45లు వేయించి అక్కడొక ఛాంబర్, అంటే మూత తీసి పైపును చూసుకునే చిన్న తొట్టి, కట్టించండి. స్నానం నీళ్లకు 3 అంగుళాల పైపు వేరేగా పోవాలి. వాన నీళ్లు మాత్రం ట్యాంకులోకి రానే కూడదు.

ఇక గాలి పైపు. మొదట మాకది లేదు. ఫ్లష్ నొక్కగానే స్నానం మూలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్ గులుక్కుమనేది, వెంటనే కంపు. జారిపోయే నీళ్లు వెనక గాలిని లాగుతాయి. గాలికి దారి లేకపోతే ట్రాప్‌లో ఉండాల్సిన 2 అంగుళాల నీళ్లనే లాగేస్తాయి. కంపును ఆపేది ఆ నీళ్లే. కమోడ్ లైను మొదట్లోంచి 3 అంగుళాల పైపును మిద్దె పైదాకా తీసుకెళ్లి కొసకు దోమల జాలీ కట్టాక ఆ శబ్దం మళ్లీ వినలేదు.

మట్టి పూడ్చకముందే పరీక్ష చేయించండి. కింది కొస బిగించి, పైపు నిండా నీళ్లు పోసి, పై కొసన నీళ్లెక్కడున్నాయో పెన్సిల్‌తో గీత పెట్టి గంట ఆగాం. గీత కిందికి దిగితే ఎక్కడో జాయింటు కారుతున్నట్టు. తర్వాత మేస్త్రి ఒక బత్తాయి అడిగి తీసుకుని పైపులో వేసి, బకెట్ నీళ్లు గుమ్మరించాడు. అది ఎక్కడా ఆగకుండా ఛాంబర్లోకి వచ్చి పడింది. అప్పుడే పూడ్చమన్నాను.

పాత ట్యాంకు మీ ఇంటికి సరిపోతుందా అన్నదీ చూడండి. ఐదుగురికి లోపల 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, నీళ్ల లోతు 1 మీటరు కావాలని ప్రమాణం. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లను వీధి కాలువలోకి వదలొద్దు, ఇంకుడు గుంతకే పోవాలి. ఆ గుంత తాగునీటి బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. రాతి పగుళ్లలో మురికి ఇంకా దూరం పాకుతుంది కాబట్టి మన నేలల్లో ఎంత ఎడంగా ఉంటే అంత మేలు. మీ వీధిలో భూగర్భ డ్రైనేజీ ఉంటే మున్సిపాలిటీ అనుమతితోనే కలపండి.

రెండు మూడేళ్లకొకసారి ట్యాంకర్‌ను పిలిపించి తీయించండి. ఎవరైనా లోపలికి దిగుతామన్నా ఒప్పుకోకండి. లోపలి గాలికి మనుషుల ప్రాణాలు పోతున్నాయి. రక్షణ లేకుండా దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. పెరడంతా టైల్స్ వేయించేటప్పుడు ట్యాంకు మూతను, ఛాంబర్లను వాటి కింద కప్పేయనివ్వకండి. మా మూతకు రెండు ఇనుప కడియాలు పెట్టించాం, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది.