లారీ కిరాయి ఒప్పుకునే ముందు లెక్క వేసుకోవడం ఎలా?

“అన్నా, బెంగళూరు లోడు ఉంది. పద్దెనిమిది టన్నులు, నలభై ఎనిమిది వేలు ఇస్తారు. బండి పెడతావా?”

ఇలాంటి ఫోను వచ్చాక ఆలోచించడానికి రెండు నిమిషాలకు మించి టైము ఉండదు. మీరు నసిగితే బ్రోకరు ఇంకో బండికి ఫోను కొడతాడు. ఆ తొందరలో సొంత లారీ నడుపుకునేవాళ్లు చాలామంది కిరాయి ఎంత పెద్దదన్నదే చూసి సరే అంటారు. చూడాల్సింది అది కాదు. బండి బయలుదేరి, తిరిగి వచ్చి, మళ్లీ లోడింగ్‌కి నిలబడేదాకా ఎన్ని రోజులు పడుతుంది, ఖర్చులన్నీ పోగా రోజుకు ఎంత మిగులుతుంది అన్నది చూడాలి. ఇది తెలిసినవాడు చిన్న కిరాయితో కూడా కిస్తీ కట్టుకుంటాడు. తెలియనివాడు నెలంతా తిరిగి, నెలాఖరున ఫైనాన్స్ వాళ్ల ఫోనుకు భయపడతాడు.

ఆ రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలంటే కొన్ని లెక్కలు ముందే ఇంట్లో కూర్చుని వేసుకుని ఉండాలి. కింది అంకెలు పది టైర్ల లారీకి ఉదాహరణగా వేసినవి. వాటి స్థానంలో మీ బండి అంకెలు పెట్టుకోండి.

మొదటి పని: బండి నిలబడినా అయ్యే ఖర్చు తేల్చుకోండి

లోడు ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినవన్నీ ఒక కాగితం మీద రాయండి. కిస్తీ 48,000 అనుకుందాం. ఇన్సూరెన్సు ఏడాదికి 72,000 అయితే నెలకు 6,000. మూడు నెలలకోసారి కట్టే ట్యాక్సు, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్ అన్నీ కలిపి నెలకు 5,000. పార్కింగు, ఫోను 1,000.

వీటి పక్కన మీ జీతం కూడా రాయండి. ఇక్కడే చాలామంది తప్పుతారు. బండి నాదే, నడిపేది నేనే, నాకు జీతమేంటి అనుకుంటారు. వేరే డ్రైవరును పెడితే ఎంత ఇస్తారో అంత మీకూ రాయాల్సిందే. 25,000 అనుకోండి. అది రాయకపోతే ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు డీజిల్ డబ్బుల్లోంచి పోతుంటాయి, బండి సంపాదిస్తోందో లేదో ఎప్పటికీ తేలదు.

మొత్తం 85,000. నెలలో బండి 25 రోజులు పనిలో ఉంటుందనుకుంటే రోజుకు 3,400. ఈ అంకెను డ్యాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోండి. గోడౌన్ ముందు అన్‌లోడింగ్ కోసం ఊరికే నిలబడిన ప్రతి రోజూ మీ జేబులోంచి 3,400 పోతున్నట్టే.

రెండో పని: కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో చూడండి

లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తూ, డీజిల్ 97 రూపాయలు ఉంటే కిలోమీటరుకు 24 రూపాయలు డీజిల్‌కే పోతుంది. టైర్లకు రెండున్నర: పది టైర్లకు రెండు లక్షలు పెట్టి, రీట్రెడింగ్‌తో (అరిగిన టైరుకు కొత్త పొర వేయించడం) కలిపి 80,000 కిలోమీటర్లు తిప్పితే వచ్చే లెక్క ఇది. ఆయిలు, సర్వీసు, గ్రీజు, రిపేర్లు, బీఎస్-6 బండి అయితే యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) కలిపి మరో మూడు, మూడున్నర. వెరసి లోడుతో కిలోమీటరుకు 30. ఖాళీగా వస్తే మైలేజీ ఐదున్నర దాకా రావచ్చు కాబట్టి 23, 24 దగ్గర ఆగుతుంది.

టోలు మాత్రం ఇందులో కలపకండి. ఒక్కో రూటుకు ఒక్కోలా ఉంటుంది, ట్రిప్పు లెక్కలో విడిగా రాసుకోవాలి. ఫాస్టాగ్‌లో డబ్బులు ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. బ్యాలెన్స్ లేకపోతే టోలు దగ్గర ఎక్కువ కట్టాల్సి వస్తుంది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే మామూలు టోలుకు ఒకటింపావు రెట్లు తీసుకుంటున్నారు.

మైలేజీ విషయంలో కంపెనీ చెప్పిన అంకె, పక్క డ్రైవరు చెప్పిన అంకె నమ్మవద్దు. ట్యాంకు ఫుల్ చేసి, మీటరు రీడింగ్ రాసుకుని, మళ్లీ ఫుల్ చేసినప్పుడు భాగించి చూడండి.

మూడో పని: రెండు లోడ్లనూ రోజుల లెక్కన పోల్చండి

మీ బండి విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. ఒక బ్రోకరు బెంగళూరుకు 48,000 అంటున్నాడు, ఇంకొకరు హైదరాబాద్‌కు 20,000 అంటున్నారు. చెవికి 48 వేలే బాగుంటుంది.

బెంగళూరు సుమారు 650 కిలోమీటర్లు. అక్కడ రెండు రోజులు ఆగితే 26,000కు రిటర్న్ లోడు దొరికిందనుకోండి. రానుపోను ఆదాయం 74,000. తిరిగేది 1,300 కిలోమీటర్లు, దానికి 39,000. టోల్స్ 6,000. కాటా, లోడింగు మామూళ్లు, దారి ఖర్చు, కమిషన్ 5,000. ఖర్చు మొత్తం 50,000 పోగా మిగిలేది 24,000. లోడింగు నుంచి తిరిగొచ్చి అన్‌లోడు అయ్యేదాకా ఏడు రోజులు పడితే రోజుకు సుమారు 3,430. బండి నిలబడితే అయ్యే ఖర్చు 3,400 కదా! అంటే మీ జీతం మీకు వచ్చింది, బండికి మిగిలింది దాదాపు సున్నా.

హైదరాబాద్ 275 కిలోమీటర్లు. పోను 20,000, రాను 13,000, మొత్తం 33,000. కిలోమీటర్ల ఖర్చు 16,500, టోల్స్ 2,500, ఇతర ఖర్చు 2,500. మిగిలేది 11,500. మూడు రోజుల్లో తిరిగొస్తే రోజుకు 3,830. చిన్న కిరాయే రోజుకు 400 ఎక్కువ ఇచ్చింది.

అయితే హైదరాబాదే ఎప్పుడూ మంచిదని కాదు. బెంగళూరులో ఆగకుండా అదే రోజు రిటర్న్ లోడు దొరికి ఐదు రోజుల్లో వచ్చేస్తే అదే 24,000 రోజుకు 4,800 అవుతుంది. హైదరాబాద్‌లో పగలు పెద్ద లారీలను సిటీలోకి రానివ్వక ఒక రోజు పోయిందంటే మూడు రోజులు నాలుగవుతాయి, రోజు మిగులు 2,875కి పడిపోతుంది. కాబట్టి కిరాయి బేరం ఎంత గట్టిగా ఆడతారో, లోడింగు ఎప్పుడు, అన్‌లోడింగు ఎప్పుడు అన్నది అంతకంటే గట్టిగా తేల్చుకోవాలి. రోజులు కలిసి రావాలని నిద్ర మానేసి రెండు రాత్రులు వరసగా తోలడం మాత్రం దయచేసి చేయకండి. ఆ లెక్కలో మిగిలే డబ్బు ఒక్క ప్రమాదానికి సరిపోదు, ఇంట్లోవాళ్లకు మీ లోటు తీర్చేదీ ఉండదు.

నాలుగో పని: రిటర్న్ లోడుకు మీ కనీస ధర ముందే తెలుసుకోండి

అన్‌లోడు అయ్యాక ఎదుటివాడికి మీ అవసరం తెలిసిపోతుంది. ఖాళీగా వెళ్లలేరు కదా అని ధర దించుతాడు. అప్పుడు రెండు లెక్కలు మనసులో ఉండాలి.

మొదటిది, ఏ ధర దాకా దిగవచ్చు. బెంగళూరు నుంచి ఖాళీగా వచ్చినా కిలోమీటరుకు 23 ఖర్చవుతుంది, లోడుతో 30. తేడా ఏడు రూపాయలు, 650 కిలోమీటర్లకు 4,550. లోడింగు, కాటా, కమిషన్ 2,500. లోడింగుకు, అన్‌లోడింగుకు ఒక రోజు అదనంగా పడితే 3,400. మొత్తం 10,450. అంతకన్నా తక్కువకు లోడు ఎత్తితే ఖాళీగా రావడమే నయం. ఇది మీ కనీస ధర మాత్రమే, నోరు తెరిచి చెప్పే ధర కాదు. అందరూ కనీస ధరకే లోడు ఎత్తడం మొదలుపెడితే ఆ రూటులో రిటర్న్ కిరాయి అక్కడే స్థిరపడిపోతుంది.

రెండోది, ఆగాలా వద్దా. ఈరోజు 26,000 ఇస్తామన్నారు, ఎల్లుండి దాకా ఆగితే 30,000 రావచ్చంటున్నారు. రెండు రోజులంటే 6,800. పెరిగేది 4,000. ఈరోజే ఎత్తండి.

బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు ఇంకో చిన్న లాభం కూడా ఉంది. కర్ణాటకలో డీజిల్ ఆంధ్ర కంటే చౌక. లీటరుకు ఐదు రూపాయలు తేడా ఉన్నా 300 లీటర్ల మీద 1,500 మిగులుతుంది. బోర్డరు దాటకముందే ట్యాంకు నింపుకోండి.

సీజన్ కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తుతుంది, ఎండాకాలంలో నున్న మామిడి మార్కెట్ నుంచి ఉత్తరాదికి లోడ్లు వెళ్తాయి, కోతలయ్యాక ధాన్యం కదులుతుంది. అప్పుడు బండ్లకు కొరత, బేరం మీ చేతిలో ఉంటుంది. వానాకాలంలో కట్టడం పనులు తగ్గి సిమెంటు, ఇసుక లోడ్లు పలచబడతాయి. రిపేర్లు, ఫిట్‌నెస్ పనులు అప్పటికి పెట్టుకుంటే మంచిది.

ఐదో పని: ఫోనులోనే అడగాల్సినవి అడిగేయండి

సరుకేంటి, ఎన్ని టన్నులు, లోడింగు ఎక్కడ, ఎన్ని గంటలకు? అడ్వాన్సు ఎంత, బ్యాలెన్సు ఎవరిస్తారు, ఎన్ని రోజులకు? హమాలీ ఎవరిది? కమిషన్ ఎంత? హాల్టింగు (బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు) ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, రోజుకు ఎంత? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం వద్దు. చేరాక 24 గంటలు ఊరికే ఆగుతాం, ఆ తర్వాత రోజుకు 3,500 అని చెప్పి, మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో బ్రోకరుకు మెసేజ్ పెట్టి “ఓకే” అనిపించుకోండి. రేపు తగాదా వస్తే మీ చేతిలో ఉండేది ఆ మెసేజే.

అడ్వాన్సు కనీసం డీజిల్‌కు, టోల్స్‌కు సరిపడా చేతికి రాకుండా బండి కదిలించకండి. సొంత డబ్బుతో డీజిల్ కొట్టించి సరుకు మోయడమంటే సరుకు యజమానికి వడ్డీ లేని అప్పు ఇవ్వడమే.

లోడయ్యాక కాటా చీటీ, ఎల్‌ఆర్ (లారీ రసీదు), ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు తరలించడానికి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అన్నిటికీ ఫోటోలు తీసుకోండి. ఈ-వే బిల్లులో బండి నంబరు సరిగ్గా ఉందో లేదో ఒక్కో అక్షరం చూడండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు, కాబట్టి 650 కిలోమీటర్లకు నాలుగు రోజులు. దారిలో బండి చెడిపోయి గడువు దాటేలా ఉంటే ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిశాక ఎనిమిది గంటల దాకా పొడిగించుకోవచ్చు. వెంటనే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోను చేసి పొడిగించమనండి. గడువు దాటిన బిల్లుతో పట్టుబడితే సరుకుతో పాటు మీ బండీ ఆగిపోతుంది.

సరుకు దించాక ఎల్‌ఆర్ మీద సంతకం, స్టాంపు, తేదీ, టైము వేయించుకోండి. బస్తాలు చిరిగాయనో తరుగు వచ్చిందనో రాస్తుంటే అక్కడే కాటా వేయించండి, ఫోటో తీయండి. తరుగు కింద కోసే డబ్బు చాలాసార్లు బ్యాలెన్సు మొత్తాన్ని మింగేస్తుంది.

ఆరో పని: ఓవర్‌లోడు లాభం నిజంగా లాభమేనా?

టన్నుకు 1,500 చొప్పున ఐదు టన్నులు ఎక్కువ వేస్తే 7,500 వస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఓవర్‌లోడు జరిమానా 20,000, దానిపైన ఎక్కువున్న ప్రతి టన్నుకు 2,000. ఐదు టన్నులకు 30,000 అవుతుంది. ఎక్కువ సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. నాలుగు ట్రిప్పుల అదనపు రాబడి ఒక్క చెకింగ్‌తో పోతుంది. టైర్లు, స్ప్రింగు పట్టీలు, బ్రేకులు అరిగేది వేరే లెక్క. ఓవర్‌లోడులో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గరా చిక్కులు వస్తాయి. ఆర్‌సీలో రాసిన బరువు దాటే లోడు వద్దనండి.

ఏడో పని: కాంట్రాక్టుకు పెట్టాలా, ఓపెన్ మార్కెట్‌లో తిరగాలా?

సిమెంటు ఫ్యాక్టరీకో, పోర్టులో పనిచేసే కంపెనీకో బండిని అటాచ్ చేస్తే లోడు కోసం వెతుక్కునే టెన్షన్ తగ్గుతుంది. కిరాయి మాత్రం ఓపెన్ మార్కెట్ కంటే తక్కువే ఉంటుంది, బిల్లు ఆలస్యంగా వస్తుంది. కిస్తీ నడుస్తున్న బండికి, అందులోనూ ఒక్క బండే ఉన్నవారికి, నెలకు ఇన్ని ట్రిప్పులు అని రాతపూర్వకంగా హామీ ఇచ్చే కాంట్రాక్టు దొరికితే అదే మేలని నా అభిప్రాయం. హామీ లేని అటాచ్‌మెంట్ మాత్రం వద్దు. ఫ్యాక్టరీ గేటు ముందు సీరియల్‌లో నాలుగు రోజులు నిలబడితే 13,600 పోయినట్టే.

కాంట్రాక్టులో డీజిల్ ధరకు తగ్గట్టు కిరాయి మారాలన్న షరతు తప్పకుండా రాయించండి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చే బండికి డీజిల్ రూపాయి పెరిగితే కిలోమీటరుకు పావలా పెరుగుతుంది. నెలకు 6,000 కిలోమీటర్లు తిరిగే బండికి డీజిల్ ఎనిమిది రూపాయలు పెరిగితే 12,000 భారం. షరతు లేకపోతే ఆ మొత్తం ఏడాది పొడవునా మీరే మోయాలి.

ఎనిమిదో పని: పన్ను కాగితాలు సరిచేసుకోండి

పది లారీలకు మించని యజమాని పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) కోయకూడదు. ప్రతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి ఉంచండి. రిటర్ను వేసేటప్పుడు ఇన్నాళ్లూ 44ఏఈ అని పిలిచిన పద్ధతి వాడుకోవచ్చు. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 12 టన్నులు దాటితే ఆ బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఆదాయం చూపించాలి. 28 టన్నుల బండికి ఏడాదికి 3,36,000. పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి ఆడిటరును అడిగి వేయించండి. పన్ను పడకపోయినా ఏటా రిటర్ను వేయండి. రేపు బ్యాంకులో లోను అడిగితే మొదట చూసేది దాన్నే.

సొంతంగా ఎల్‌ఆర్ ఇవ్వకుండా బండిని ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి కిరాయికి ఇస్తే ఆ కిరాయి మీద జీఎస్టీ లేదు.

చిన్న వ్యాపారాలను నమోదు చేసే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకోండి. రిజిస్టరైన చిన్న వ్యాపారికి కంపెనీలు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం చెబుతుంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడగవచ్చు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ఫిర్యాదుకు ఎల్‌ఆర్ కాపీ, సరుకు దించుకున్నట్టు సంతకం, బిల్లు కావాలి. అందుకే ట్రిప్పు ముగిసిన రోజే ఆ మూడూ ఒకే కవరులో పెట్టి, కవరు మీద తేదీ, పార్టీ పేరు, రావాల్సిన బ్యాలెన్సు రాసి ఇంటికి పంపించేయండి.