ఇంజిన్ లైటు వస్తూ పోతూ ఉందా? సెన్సార్ కొనకముందు దానికి వైరు తగిలించే కప్లర్ విప్పి చూడండి

బైక్ మీటర్‌లో పసుపు ఇంజిన్ లైటు పొద్దున వెలుగుతుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. రెండు రోజులు ఏమీ ఉండదు. వాన పడితే మళ్లీ వస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ మాత్రం వెలగదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ సెన్సార్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి కాబట్టి, ఈ టెన్షన్ ఇప్పుడు చిన్న బండ్లవాళ్లకూ తప్పడం లేదు. ఇలా వస్తూ పోతూ ఉండే లైటుకు సెన్సార్ మార్చేయడం అలవాటైపోయింది. వాటిలో చాలా సెన్సార్లు బాగానే ఉంటాయి.

తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోతే అది మామూలే. బండి నడుస్తుండగా వెలిగితేనే సమస్య. ఆయిల్‌ది గానీ టెంపరేచర్‌ది గానీ ఎర్ర లైటు వెలిగితే ఇదంతా పక్కన పెట్టి ముందు ఇంజిన్ ఆపండి.

ముందు కోడ్ రాసుకోండి

లైటు ఆరిపోయినా కోడ్, అంటే తేడా ఏ సర్క్యూట్‌లో వచ్చిందో సూచించే నంబరు, ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) ఉండిపోతుంది. స్కానర్ పెట్టి చదివించి కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే చెరపండి. "బ్యాటరీ వైరు తీసి రీసెట్ చేద్దాం" అంటే ఒప్పుకోకండి. కొన్ని బండ్లలో దాంతో ఉన్న ఒక్క ఆధారం పోతుంది. పైగా టెర్మినల్ లూజుగా ఉండుంటే, తీసి బిగించడం వల్ల కొన్నాళ్లు బాగైనట్టు కనిపిస్తుంది. అసలు తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

లైటుతో పాటు గడియారం, ట్రిప్ మీటర్ కూడా సున్నాకి వెళ్తున్నాయా?

అయితే కరెంటు మొత్తంగా తెగుతోంది. బ్యాటరీ టెర్మినల్ బోల్టులు చేత్తో కదిపి చూడండి. దీనికి రెండు నిమిషాలు చాలు, అయినా ఎవరూ చూడరు! వేలితో కదిలితే అదే కారణం. తెల్లటి పొడి పట్టి ఉంటే గీకి శుభ్రం చేసి బిగించండి. మైనస్ వైరు ఛాసిస్‌కి, ఇంజిన్‌కి తగిలే చోటున్న బోల్టు కూడా చూడాలి. రంగు మీదో తుప్పు మీదో బిగించి ఉంటే అది అర్తింగ్ కింద లెక్క కాదు.

తర్వాత మల్టీమీటర్. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజిన్ రేస్ చేస్తే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది 15 దాటినా, 13 దాటకపోయినా సెన్సార్ల మాట వదిలేసి బ్యాటరీని ఛార్జ్ చేసే రెగ్యులేటర్, స్టేటర్ వైపు వెళ్లండి.

కరెంటు బాగానే ఉంది, కోడ్ ఏదో ఒక సెన్సార్ పేరు చెబుతోంది

జనం జేబు గుల్లయ్యేది ఇక్కడే. కోడ్ సెన్సార్ పేరు చెప్పినంత మాత్రాన సెన్సార్ పాడైందని కాదు. ఆ సర్క్యూట్ నుంచి ఈసీయూకి రావాల్సిన వోల్టేజ్ సరిగా రాలేదని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని కప్లర్, వైరు, ఈసీయూ దగ్గరి కప్లర్, అన్నీ కలిపి. గాలి టెంపరేచర్ సెన్సార్‌కి పీ0113 వచ్చిందనుకోండి. అది "వోల్టేజ్ ఎక్కువ" అని చెప్పే కోడ్. వైరు తెగినా, పిన్ను తగలకపోయినా వచ్చేది ఇదే.

కొత్త సెన్సార్ వేశాక లైటు ఆరిపోతుంది కదా అంటారు. ఆరిపోతుంది, నిజమే. పాత సెన్సార్ తీసి కొత్తది తగిలించేటప్పుడు కప్లర్ లోపలి పిన్నులు ఒకదానికొకటి రాసుకుంటాయి. పైన పట్టిన మరక పోయి కాంటాక్ట్ కుదురుతుంది. కొన్ని వారాలు బాగుంటుంది. ఆ తర్వాత అదే కోడ్ తిరిగొస్తుంది, అప్పుడు "సెన్సార్ డూప్లికేట్" అంటారు. పాత సెన్సార్‌నే తీసి మళ్లీ పెట్టినా ఆ కొన్ని వారాలు వచ్చేవి!

కప్లర్ ఎందుకు పాడవుతుంది? మొదటిది ప్రెషర్ వాష్. గన్ దగ్గరగా పెట్టి కొడితే నీరు రబ్బరు సీలు దాటి లోపలికి పోతుంది, కొన్నాళ్లకు పిన్నులకు చిలుము పడుతుంది. రెండోది మల్టీమీటర్ ముల్లు. దాన్ని ఆడ పిన్ను ముందువైపు నుంచి గుచ్చితే రంధ్రం వెడల్పవుతుంది. ఆ తర్వాత పిన్ను తగులుతున్నట్టే ఉంటుంది గానీ పట్టు ఉండదు. గతుకులో వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది.

చూసే పద్ధతి ఇది. తాళం ఆపి కాసేపు ఆగండి. ఆన్‌లో ఉండగా కప్లర్ పీకితే కొత్త కోడ్ చేరుతుంది. లాక్ నొక్కి విప్పి, టార్చి వేసి లోపల చూడండి. ఆకుపచ్చ మరక, తడి, మిగతావాటికంటే లోపలికి జారిన పిన్ను ఏదైనా ఉందా? తర్వాత అదే సైజు మగ పిన్ను విడిగా ఒకటి తీసుకుని ప్రతి రంధ్రంలోకీ దూర్చి లాగండి. అన్నీ ఒకేలా బిగువుగా రావాలి. ఒకటి వదులుగా జారి వచ్చేస్తే మీ దొంగ దొరికినట్టే. కంటికి అన్నీ బాగానే కనిపించే కప్లర్లలో కూడా ఈ పరీక్షకి వదులు పిన్ను దొరుకుతుంది, దయచేసి మానేయకండి.

మరక ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలుతో కడగొద్దు. పిన్ను వదులైతే పిన్నే మార్చాలి. సరైన పిన్ను దొరకకపోతే వైర్లతో వచ్చే కప్లర్ కొని, జాయింట్లు సోల్డర్ చేసి, వేడికి బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే తంతు. తగిలించేముందు రబ్బరు సీలుకు కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాయండి. వైరు బిగుతుగా లాగినట్టుంటే క్లిప్పు వదులు చేయండి, లేకపోతే కొత్త పిన్ను కూడా జారుతుంది.

సంబంధం లేని రెండు మూడు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తే ఒక్కో కప్లర్ వెంట పడకండి. వాటన్నిటికీ కలిపి ఉండే 5 వోల్టుల వైరు, సెన్సార్ల ఎర్త్ వైరు, ఈసీయూ కప్లర్ చూడండి.

మిగతావి

హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడే లైటు వస్తే మెడ దగ్గర వైరింగ్ నలిగింది. ఫాగ్ లైట్లు, జీపీఎస్ పెట్టించాక మొదలైతే ముందు ఆ వైర్లు విప్పి బండి నడిపి చూడండి. స్పార్క్ ప్లగ్ మార్చాక మొదలైతే కంపెనీ చెప్పిన రెసిస్టర్ ప్లగ్ (విద్యుత్ రొద తగ్గించే ప్లగ్) నంబరే ఉందో లేదో చూసుకోండి. ఈసీయూ పాడవడం చాలా అరుదు, పైవన్నీ అయ్యేదాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు.

రిపేరు అయ్యాక కోడ్ చెరపండి. చెరిపే వీలు లేకపోతే లైటు వెంటనే ఆరలేదని కంగారు పడొద్దు. తప్పుల్ని తనే కనిపెట్టే ఓబీడీ వ్యవస్థ ఉన్న చాలా బండ్లలో తప్పు లేకుండా వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) పూర్తయ్యాకే అది ఆరుతుంది. ఆరాక గతుకుల రోడ్డు మీద ఒకసారి, బండి కడిగించాక ఒకసారి నడిపి, మళ్లీ స్కాన్ చేయించండి.